చాటెడు తవుడు

నిన్న మా బౌరంపేట సూపర్ మార్కెట్లో తవుడు కనబడింది.

ఓట్స్ పక్కన, మెరిసే పొట్లంలో. పొట్లం మీద పొట్ట లేని మనిషి ఒకడు నవ్వుతూ పరుగెడుతున్నాడు. రక్తపోటుకు మంచిదట, షుగరుకు మంచిదట. మా చిన్నప్పుడు గేదెలు ఇదే తిని నోరు మూసుకొని పాలిచ్చేవి, ఇంత ప్రచారం చేసుకునేవి కావు. పొట్లం చేతిలోకి తీసుకొని బరువు చూశాను. రెండు పొట్లాలు కలిపితే ఒక చాటెడు అవుతుంది. అంటే సరిగ్గా నేను. నన్ను అంతకే కొన్నారు. ఒకసారి కాదు, రెండుసార్లు.

కోతలు కోస్తున్నానని అనుకుంటారు. ఆ హక్కు మీకుంది. ఇంటి స్థలాలు అమ్మిపెట్టడం నా బతుకుతెరువు. శామీర్‌పేట జింకల పార్కులోంచి జింకలు పొద్దున్నే నడకకు బయలుదేరి మా వెంచర్ గేటు దాకా వచ్చి, కాసేపు ఆగి, వెనక్కి పోతాయని చెప్పి ఒక రిటైర్డు లెక్కల మాస్టారికి తూర్పు ముఖం ప్లాటు అంటగట్టినవాణ్ణి. ఆయన ఇల్లు కట్టుకొని ఇప్పటికీ పొద్దున్నే బాల్కనీలో కూర్చుంటున్నాడు. ఈమధ్య ఒకటి కనబడిందని కూడా చెప్పాడు.

ఇలాంటి నోటితో ఆమె గురించి చెప్పవలసి రావడం ఆమె ఖర్మ. చెప్పేవాళ్ళు ఇంకెవరూ లేరు. ఆమె నన్ను కన్న తల్లి. ఆ సంగతి ఆమె నోట ఒక్క పూట పైకి వచ్చింది. రప్పించింది నేను. ఎలా రప్పించానో చెప్పుకోవడానికే ఇదంతా.

శామీర్‌పేట చెరువు కట్ట దిగాక, కరీంనగర్ రోడ్డు పక్కన నీలం పరదా కట్టుకొని చేపలు అమ్మేది. ముందు సిల్వర్ తట్టలో బొచ్చెలు, రవ్వలు. పక్కన ప్లాస్టిక్ డ్రమ్ములో, నీళ్ళలో, బతికున్న కొర్రమట్టలు. కత్తిపీట మీద కాలు వేసి, చేతికి బూడిద రాసుకొని, చేపను తోమి, కోసి, కవర్లో వేసేదాకా చెయ్యి ఆగేది కాదు. నోరు అసలే ఆగేది కాదు. ఎడమ ముంజేతి మీద తేలు పచ్చబొట్టు ఉండేది. చేప తల నరికినప్పుడల్లా ఆ తేలు తోక ఆడించేది. ఇది మాత్రం కోత కాదు.

ఆమెకు దారిన పోయే మగవాళ్ళందరూ కొడుకులే. ఆటో తెచ్చి పరదాకు అడ్డం పెట్టినవాణ్ణి, "ఓ కొడుకా, జర అవుతల వెట్టరాదు నీ బండి, శాపలకు గాలి ఆడుతలేదు" అనేది. దగ్గర్లోని లా కాలేజీ పిల్లలు వస్తే, "ఏం బిడ్డా, గంత పెద్ద సదువు సదువుతరు, ముల్లు తీసుడు నేర్పరా ఆడ?" అనేది. పరదా పీకడానికి వచ్చిన పోలీసు కూడా ఆమెకు కొడుకే. "జల్దీ తిని ఇంటికి పో కొడుకా, మొకం ఎండిపోయింది" అని అతని చేతిలో వేయించిన ముక్క పెట్టి పంపేది.

నేను ఒక్కణ్ణే "సారు".

ఇంకో అలవాటు. మంచి వస్తువును మంచిదనడం ఆమె నోట వినలేం. మనవరాలికి మార్కులు బాగా వచ్చాయని కూతురు చెబితే, "మొద్దుది, గదెట్ల పాసయిందో" అని ఆకాశం వైపు చూసి గట్టిగా అనేది. పక్కింటివాళ్ళ గేదె ఈనితే, "గా దూడనా, గది బతుకుతదా" అని తుపుక్కున పక్కకు ఉమ్మేది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు చేపలు అడిగితే రోడ్డంతా వినబడేలా అంది: "ఓ సారూ, మురిగిన శాప ఒకటున్నది. ఎవ్వలు కొంటలేరు. పట్కపోతవా?"

మురిగినది నాకెందుకమ్మా అని వచ్చేశాను. వెనకాల ఆమె కూతురు నెత్తి కొట్టుకుందట. అప్పటికే డ్రమ్ములోకి పోయిన ఆ చెయ్యి, ఉన్నవాటిలోకెల్లా బలమైన కొర్రమట్టను పట్టుకొని, అలాగే కాసేపు ఉండిపోయిందట.

నేను అక్కడికి ఎందుకు వెళ్ళానో చెప్పాలి. దానికి ముందు మా అమ్మ సంగతి చెప్పాలి. అంటే నన్ను పెంచిన అమ్మ.

మా నాన్న మేడ్చల్ రైల్వే స్టేషన్లో టికెట్లిచ్చే గుమాస్తా. ఇద్దరిదీ తెనాలి వైపు. తర్వాత కాజీపేటకు బదిలీ అయి, రిటైరయ్యాక మళ్ళీ మేడ్చల్‌కే వచ్చి, కొత్తగా వేసిన కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. చేపల పులుసు వాసనకు పది ఇళ్ళ అవతల నుంచి లేచి వచ్చే జాతి మాది. అమ్మ మాత్రం చేప ముట్టేది కాదు. మొక్కు అనేది. ఏ దేవుడికి, ఎందుకు మొక్కావంటే చెప్పేది కాదు. శామీర్‌పేట వైపు వెళ్ళే బస్సు ఎక్కేది కాదు.

మూడేళ్ళ కింద మంచం పట్టి, ఇక లేవదని తెలిశాక, ఒక మధ్యాహ్నం నన్ను పక్కన కూర్చోబెట్టుకొని మొక్కు సంగతి చెప్పింది.

మేడ్చల్ క్వార్టర్స్‌కు శామీర్‌పేట నుంచి రోజూ గంపలో చేపలు తెచ్చే మనిషి ఒకతె ఉండేదట. చేతి మీద తేలు పచ్చబొట్టు. ఆమెకు ముగ్గురు బిడ్డలు పుట్టి, పేరు పెట్టక ముందే ముగ్గురూ పోయారు. నాలుగోవాడు పుట్టగానే ఊళ్ళో పెద్దలు చెప్పినట్టు చేసింది. బిడ్డను చాటలో వేసి, పెంటకుప్ప మీద పెట్టి, ఇది పెంట, ఎవరికైనా కావాలా అని అడగాలి. చుట్టం కాని మనిషి ఒకరు వచ్చి, చాటెడు తవుడు ఇచ్చి కొనుక్కోవాలి. కొన్నావిడ ఆ బిడ్డను వెంటనే కన్నతల్లి చేతికే ఇచ్చి, "నా బిడ్డను పెంచిపెట్టు" అనాలి. అంతే. ఇక ఆ బిడ్డ వేరేవాళ్ళ బిడ్డ. చావు వచ్చి ఆ ఇంట్లో వెతికినా, ఆ తల్లి బిడ్డ దానికి కనబడదు. ఒక్కటే షరతు. కొన్నావిడ ఆ మాట అనేదాకా అమ్మిన తల్లి తన నోటితో బిడ్డను అడగకూడదు, నా బిడ్డ అనకూడదు. అడిగినా, అన్నా గుట్టు బయటపడుతుంది.

కొనడానికి ఆమె మా అమ్మను పిలిచింది. బంధువులు కారు, పిల్లల్లేని ఇల్లు, మంచి మనిషి. అమ్మ తవుడు ఇచ్చింది. చాట ఎత్తుకుంది. ఇంట్లోకి పోయింది.

"దీపాలు పెట్టేవేళ దాకా ఆమె మెట్ల మీద కూర్చుందిరా" అంది అమ్మ. "ఆ ఒక్క మాట అంటానని."

"నీకు తెలియదు గదమ్మా. వాళ్ళ ఆచారం నీకెలా తెలుస్తుంది?"

అమ్మ గోడ వైపు తిరిగింది. "తెలుసురా. మా వైపూ ఉంది. మా పిన్ని కొడుకును మా అమ్మే కొని, నా బిడ్డను పెంచిపెట్టవే అని అక్కడికక్కడే తిరిగిచ్చింది. నేను పక్కనే ఉన్నాను."

"మరి?"

"నోరు రాలేదు."

తర్వాత పది నెలలు ఆమె రోజూ వచ్చి నాకు పాలిచ్చి పోయేదట, పాలిచ్చే కూలిమనిషిలాగా. పోయేముందు గుమ్మంలో కాసేపు నిలబడేది. అమ్మ తలుపు వేసేది. రెండేళ్ళకు బదిలీ వచ్చింది.

"పోనీ ఇప్పుడైనా అనమ్మా ఆ మాట" అన్నాను. "నేను పోయి చెబుతాను."

అమ్మ తల అడ్డంగా ఊపింది. నోట్లో పళ్ళు లేవు, గొంతులో బలం లేదు, అయినా ఆ తల మాత్రం గట్టిగా ఊగింది. నాలుగు రోజులకు పోయింది. ఆ మాట అనకుండానే పోయింది.

దినవారాలు అయ్యాక శామీర్‌పేట వెళ్ళాను. తేలును గుర్తుపట్టాను. మురిగిన చేప వద్దని తిరిగొచ్చిన మొదటి రోజు అదే. రెండో ఆదివారం ధైర్యం చేసి, మా నాన్న మేడ్చల్ స్టేషన్లో పనిచేసేవాడని, మా అమ్మ ఈమధ్యనే పోయిందని చెప్పాను. కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగలేదు. నా ముఖం చూడలేదు. తట్టలోని బొచ్చెతో మాట్లాడింది.

"పాపం. మంచి తల్లి. ఆళ్ళ పిలగాడు ఒకడుండె. మంచిగున్నడా?"

"నేనేనమ్మా ఆ పిలగాణ్ణి."

"గట్లనా. ఆళ్ళ పిలగానికి పండ్లన్నీ ఉన్నయా?"

"రెండు పోయాయి."

"నెత్తి మీద ఎంటికెలు?"

"కనబడడం లేదా?"

"నాకేం కనవడ్తది సారు, నేను శాపను సూస్తున్న" అంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్ళాను. ఆమె కూతురు, అంటే నా చెల్లె, పక్కన కూర్చొని తరాజు పట్టేది. నాకంటే నాలుగేళ్ళు చిన్నది. సంగతంతా ఆమెకు తెలుసు. తల్లి చెరువులోకి నీళ్ళకు దిగినప్పుడు నాకు కొంచెం కొంచెం చెప్పేది. "నీది అచ్చం బాపు మొకమే, అమ్మ మొదటి దినమే గుర్తువట్టింది. బాపు ఉన్నన్ని దినాలు చెప్పెటోడు. నువ్వు పుట్టినంక మేడ్చల్ టేషన్ల పోయి కూసునేటోడట. రైలు ఎక్కెటోని లెక్క. నిన్ను ఎత్తుకొని మీ అమ్మ బయటికొస్తే సూసి, రైలు పోయింది అనుకుంట ఇంటికొచ్చెటోడట." బాపు, అంటే నన్ను కన్న తండ్రి, పోయి అప్పటికి పదిహేనేళ్ళయింది. నేను ఆలస్యంగా వచ్చిన రైలును.

నా గురించి ఆమెకు అన్నీ కావాలి. అడిగేది మాత్రం నన్ను కాదు. పిల్లిని అడిగేది, తరాజును అడిగేది. "ఆళ్ళ పిలగాడు షుగర్ గోలీలు ఏసుకుంటుండా?" "ఆళ్ళ పిలగానికి గీ ఎండల టోపీ లేదా?" నేను జవాబు చెబితే, వినబడనట్టు చేపను తిరగేసేది. పోయేటప్పుడు మురిగిన చేప ఇచ్చేది. ఇంటికి వెళ్ళి బకెట్లో వేస్తే ఆ మురిగిన చేప ఎగిరి వంటింట్లో పడి మా ఆవిడను కుర్చీ ఎక్కించేది.

నాకు అప్పుడు అర్థమైంది. నా అబద్ధాలు నేను ఎవరి దగ్గరా నేర్చుకున్నవి కావు. పుట్టుకతో వచ్చినవి. నేను మాస్టార్లతో అబద్ధాలాడుతాను, ఆమె చావుతో ఆడుతుంది. అంతే తేడా. ఆమెది పెద్ద వ్యాపారం.

ఒక్కటే నాకు మింగుడు పడేది కాదు. మా అమ్మ ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఆమె అనేది: "పాపం, ఆంధ్రా తల్లి. మా రివాజు ఆమెకు ఎట్ల తెలుస్తది? తెలిస్తే ఆ మాట అనకపోవునా?" ఆ క్షణంలో నేను చేపల మీద వంగి మొప్పలు ఎత్తి చూసేవాణ్ణి. మొప్పల గురించి నాకేమీ తెలియదు.

అలా ఏడాది గడిచింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది.

ఒక ఆదివారం వాన పట్టింది. బైకు మీద పోతున్న కుర్రాడొకడు తడిసి ముద్దై పరదా కిందికి వచ్చాడు. ఎవరో కూడా తెలియదు. ఆమె లేచి కొంగుతో వాడి తల తుడిచింది. "సర్ది వడ్తది కొడుకా, గిటు రా, పొయ్యి కాడ కూసో కొడుకా" అంది. నేను అటు పక్కన నిలబడి ఉన్నాను. పరదా చిరుగులోంచి కారే నీళ్ళు సరిగ్గా నా బట్టతల మీద పడుతున్నాయి. నలభై ఎనిమిదేళ్ళ మనిషిని. ఇద్దరు పిల్లల తండ్రిని. ఆ కుర్రాణ్ణి చెరువులోకి తొయ్యాలన్నంత కుళ్ళు వచ్చింది.

వాన తగ్గి వాడు పోయాక నోరు తెరిచాను.

"అమ్మా, నీకో మాట చెప్పలేదు. మా అమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుంది. శామీర్‌పేట తల్లికి నా మాటగా చెప్పు, నా బిడ్డను పెంచిపెట్టమని చెప్పు, అంది. ఆ మాట అనగానే గోడ గడియారం ఆగిపోయింది."

గడియారం ఎందుకు పెట్టానో నాకు తెలియదు. అలవాటు.

కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగింది. అది ఆగడం నేను చూడటం అదే మొదలు.

"ఎవలున్నరు అప్పుడు?" అంది. నన్నే అడిగింది. నా ముఖంలోకి చూసి.

"నేనొక్కణ్ణే."

చేతులు బూడిదతో తోముకుంది. కడుక్కొని వాసన చూసుకుంది. మళ్ళీ తోముకుంది. మూడుసార్లు కడిగినా చేప వాసన పోకపోతే చీరకేసి రుద్దుకొని, ఆ చేతులతోనే నా నుదురు, చెవులు, గడ్డం తడిమింది. నోరు తెరవమంది. పోయిన రెండు పళ్ళ జాగాలో వేలు పెట్టి చూసింది.

"కొడుకా" అంది. ఉప్పు సరిపోయిందో లేదో నాలుక మీద వేసుకొని చూసినట్టు, చిన్నగా.

తర్వాత రోడ్డుకు వినబడేలా అంది. లారీలకు వినబడేలా అంది. "నా కొడుకు! ఈడు నా కొడుకు! సూడుండ్రి ఎంత సక్కగున్నడో! రాజు లెక్కున్నడు నా కొడుకు!"

జన్మలో దేన్నీ మెచ్చుకోని మనిషి. చెల్లె ముఖం తెల్లబోయింది. "అమ్మా, మెల్లగ, మెల్లగ" అంటోంది. ఆమె వినలేదు. ఆ రోజు పరదా కింద అన్నంలో చేపల పులుసు కలిపి ముద్దలు పెట్టింది. ముళ్ళు ఆమే తీసింది. నేను పాటలు పాడుకుంటూ ఇంటికి వచ్చాను. ఎన్నో ప్లాట్లు అమ్మాను గానీ ఇంత పెద్ద అబద్ధం ఇంత తేలిగ్గా ఎప్పుడూ అమ్ముడుపోలేదు.

అది ఆదివారం. బుధవారం నాడు దుండిగల్ దారిలో స్కూటర్ మీద పోతూ, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకొని, ఎవరికో జింకల నడక గురించి చెబుతున్నాను. గేదె అడ్డం వచ్చింది. కాలు విరిగింది, తల పగిలింది. ఒక రోజంతా తెలివి లేదు.

కళ్ళు తెరిచిన మర్నాడు ఆసుపత్రి గది గుమ్మంలో ఆమె నిలబడి ఉంది. వెనక చెల్లె. ఆమె చేతిలో చాట. కింద వాచ్‌మన్ చాట ఎందుకని అడిగితే, "నా సామాను నాయినా" అని తోసుకొచ్చిందట. మా ఆవిడ కుర్చీ చూపించినా లోపలికి రాలేదు. నా వైపు చూడలేదు. సెలైన్ సీసాను అడిగింది.

"ఆ తల్లి ఆ మాట నిజంగ అన్నదా?"

ఇక్కడ ఇంకో అబద్ధం చెబితే సరిపోయేది. నిజమేనమ్మా, గేదెది తప్పు, అంటే సరిపోయేది. జీవితమంతా అవసరం లేని చోట అబద్ధాలాడినవాణ్ణి, ఒక్క అబద్ధం నిజంగా అవసరమైన చోట నోరు పడిపోయింది. మందుల మత్తో, భయమో, ఆమె చేతిలో చాటో.

"లేదమ్మా" అన్నాను. "నేను అల్లి చెప్పాను."

"గట్లనా" అంది.

ఏడవలేదు. తిట్టలేదు. తిడితే బాగుండేది, ఆమె తిట్టు విలువ నాకు తెలుసు. "నా నోటితోని నేనే సెప్పిన. రోడ్డు మీద నిలవడి సెప్పిన" అని తనలో తాను అనుకుంది. తర్వాత చాట తెచ్చి నా మంచం కాళ్ళ దగ్గర పెట్టి, మా ఆవిడ వైపు తిరిగింది.

"ఓ అమ్మా, ఈడ పెంట ఉన్నది. ఎవలికి అక్కర లేని పెంట. కొంటవా?"

మా ఆవిడకు సంగతి తెలుసు. కళ్ళు తుడుచుకొని, "కొంటాను" అంది.

"తవుడు దే. నీదే ఉండాలె, నేను తేగూడదు."

ఆసుపత్రి ఎదుటి పెద్ద దుకాణంలో దొరికింది. రెండు పొట్లాలు, మీద పరుగెత్తే మనిషితో సహా. ఆమె పొట్లం చింపి, అరచేతిలో పోసుకొని, వాసన చూసి, నాలుక మీద వేసుకుంది. "తవుడే" అంది. చాటలో పోయించుకుంది. పోయించుకొని మా ఆవిడ చెయ్యి పట్టుకొని చెప్పింది.

"ఇగ నీదే. మంచిగ ఉంచుకో. నన్ను పెంచిపెట్టుమని అనకు బిడ్డా. నేను వచ్చి నీ ఇంటి ముంగట కూసున్నా అనకు. ఏడ్చినా అనకు. తలుపు ఏస్కో."

ఒకప్పుడు చీకటి పడేదాకా మెట్ల మీద కూర్చొని ఎదురుచూసిన మాట అది. ఆ మాటే అనవద్దని బతిమాలుకొని, తవుడు ఎత్తుకొని వెళ్ళిపోయింది.

రెండు నెలలకు కర్ర ఊతంతో శామీర్‌పేట వెళ్ళాను. డ్రమ్ములో చేపలు నీళ్ళు చిమ్ముతున్నాయి.

"శాపలు లేవు" అంది.

"అమ్మా..."

"లేవు సారు. వేరే దుకాణం సూస్కో."

ఆ తర్వాత నా స్కూటర్ దూరంగా కనబడగానే లేచి కట్ట మీదికి వెళ్ళి, చెరువు వైపు తిరిగి కూర్చునేది. చెల్లె చేప కోసిచ్చేది. నేను పోయేదాకా ఆమె తిరిగి చూసేది కాదు. మురిగిన చేప ఉందని కూడా అనలేదు. కట్ట మీద ఆమె వీపు, చిన్నది, నెత్తి మీద కొంగు. నాకు మిగిలింది అదే. ఒక్క పూట "కొడుకా" అనిపించుకోవడం కోసం ఆదివారాలన్నీ పోగొట్టుకున్నాను. ఆమెవీ పోగొట్టాను. "రాత్రిళ్ళు లేచి కూసుంటది. గా పిలగాని ఇంట్ల లైటు ఎలుగుతుందో లేదో అంటది. ఈడికెళ్ళి బౌరంపేట కానొస్తదా సారు?" అని చెల్లె అడిగింది.

పోయిన వానాకాలంలో చెల్లె ఫోను చేసింది.

"సారూ, అమ్మ పోయింది. నువ్వు రా. గని దూరం నిలవడు. అట్లనే చెప్పి పోయింది. మట్టి గూడ ఎయ్యొద్దన్నది."

వెళ్ళాను. చేపలు కొనేవాళ్ళు, ఆటోవాళ్ళు, ఆ పోలీసాయన కూడా వచ్చాడు. కొడుకులంతా వచ్చారు. పూడ్చేచోట ఒక్కొక్కరే వంగి గుప్పెడు మట్టి తీసి వేస్తున్నారు. నేను కంప చెట్టు పక్కన నిలబడ్డాను. తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దమనిషి ఒకడు నా దగ్గరికి వచ్చాడు.

"ఎవలు సారు మీరు?"

"చేపలు కొనేవాణ్ణి."

"గట్లనా. రాండ్రి, ఇంత మట్టి ఎయ్యుండ్రి. ఎవలైనా ఎయ్యొచ్చు, అందరు ఆమెకు కొడుకులే."

చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఆయన మళ్ళీ పిలిచాడు. నేను కదలలేదు. ఆయన నా తెల్ల చొక్కా చూశాడు, చెప్పులు చూశాడు.

"చెయ్యికి మట్టి అంటుతదని సూస్తుండు" అని పక్కనున్నవాడితో అన్నాడు. "ఎన్ని ఏండ్లు ఆమె చేతి శాపలు తిన్నడో."

చెల్లె విన్నది. తలెత్తి నా వైపు చూసింది. నేను చేతులు విప్పలేదు. నా జన్మలో ఆమె చెప్పినట్టు విన్నది అదొక్కటే.

ఇప్పుడు ఆదివారాలు చెల్లె ఒక్కతే కూర్చుంటోంది. దినం అయ్యాక మొదటిసారి వెళ్ళి పరదా కింద నిలబడ్డాను. ఆమె నన్ను చూడలేదు. డ్రమ్ములోకి చెయ్యి పెట్టి, ఆకాశానికి వినబడేలా అంది: "ఓ సారూ, మురిగిన శాప ఒకటున్నది. ఎవ్వలు కొంటలేరు. పట్కపోతవా?"

"ఆ మురిగిందే ఇయ్యి" అన్నాను.

కోస్తూ కోస్తూ చెల్లె అంది: "పాపం మీ అమ్మకు మా రివాజు తెల్వకపాయె సారు. తెలిసి ఉంటే ఇదంతా ఎందుకయితుండె."

చేప మొప్ప ఎత్తి చూశాను. "అవును, పాపం" అన్నాను.

మా అమ్మకు ఆ రివాజు తెలుసన్న సంగతి ఇక్కడ రాయగలిగాను, చెల్లె ముందు అనలేకపోయాను. కారణం చెబితే నా మీద మీకున్న ఆ కాస్త గౌరవం కూడా పోతుంది. చెల్లెకు చదువు రాదు. చేపల గంప వెనకాల తిరిగిన పిల్లను బడికి ఎవరు పంపుతారు? నన్ను కొన్నవాళ్ళు నాకు చదువు చెప్పించారు. ఆ చదువుతోనే ఇదంతా రాశాను.

అయితే ఆ మొద్దుది ఉంది కదా, చెల్లె కూతురు. మేడ్చల్‌లో డిగ్రీ చదువుతోంది. తెలుగులో ఏది అచ్చయి కనబడినా తెచ్చి, సాయంత్రం చేపలు అమ్ముడయ్యాక, పరదా కింద కూర్చొని వాళ్ళమ్మకు చదివి వినిపిస్తుందట.